తరగని ఎనభై వేలు

ఇండోనేషియాలో, సిదోఆర్జోలోని ఆ షర్బత్ ఫ్యాక్టరీలో మూడు వందల పన్నెండు మంది పనివాళ్లు, తాము అమ్మా అన్నట్టు బూ అని పిలిచే వుర్యాని ఎదురైనప్పుడల్లా అడిగే మాట ఒకటే.

"ఈ ఏడాదైనా మమ్మల్ని కాస్త దాహంతో ఉండనిస్తారా, బూ?"

అడగడానికి కారణం లేకపోలేదు. కిందటేడు లెబారన్, అంటే రంజాన్ పండుగకు వారం ముందు, ఆఖరి లారీ వెళ్లిపోయాక కూడా, ఎర్ర షర్బత్ పెట్టెలు గోదాములో గుట్టలుగా మిగిలిపోయాయి. అందరూ అయ్యా అన్నట్టు పాక్ అని పిలిచే డైరెక్టర్ హందోకో వాటినే పండుగ కానుకగా పంచిపెట్టాడు. బిస్కెట్ డబ్బా, వంటనూనె, చీటీగుడ్డ ఉండే బుట్ట ఎవరికీ దక్కలేదు. అప్పటి నుంచి ఆ వీధుల్లో పెళ్లికీ ఎర్ర షర్బతే, పోయినవాళ్ల నలభయ్యో రోజుకీ ఎర్ర షర్బతే. వుర్యాని మంచం కింద ఇంకా పద్దెనిమిది సీసాలున్నాయి. ఆమె భర్త తెగుహ్ ఈలోగా రెండు పళ్లు పీకించుకున్నాడు.

ఎంత తయారుచేయాలో తేల్చే కుర్చీ వుర్యానిది. ఈసారి డైరెక్టర్ ముందే నోటీసు అంటించాడు: వంద పెట్టెలకు మించి మిగిలితే బుట్టలు లేవు, మళ్లీ షర్బతే.

ఆ ఫ్యాక్టరీ సాఫ్ట్‌వేర్ పద్ధతి చూడ్డానికి సులువైనదే. పండుగకు ఎన్ని పెట్టెలు పోతాయో అమ్మకాల విభాగం ముందుగా ఒక అంచనా ఎక్కిస్తుంది. దుకాణాల నుంచి అసలు ఆర్డరు వచ్చినప్పుడల్లా అది ఆ అంచనాలోంచి తన పాలు తినేస్తుంది. సరుకుతో లారీ గేటు దాటితే ఆ ఆర్డరు కూడా లెక్కలోంచి రాలిపోతుంది. ఊహ తరిగినకొద్దీ నిజం పెరుగుతుంది. లారీలు కదిలేదాకా రెండూ కలిపితే వచ్చే మొత్తం మాత్రం కదలకూడదు. ఈ ఏటి అంచనా ఎనభై వేల పెట్టెలు. ఇంకా ఒక్క లారీ కూడా కదలలేదు. అయినా ఆ మంగళవారం ఉదయం వుర్యాని తెర మీద మొత్తం లక్షా ఇరవై వేలై కూర్చుంది. శుక్రవారం లోపు సీసాల ఫ్యాక్టరీకి సంఖ్య ఖాయం చేయాలి.

ఆమె మధ్యాహ్నం దాకా వరుసలన్నీ తవ్వి చూసింది. రెండు సోమవారాలు, ఉదయం ఎనిమిది దాటి అయిదు నిమిషాలకు, తరిగిన అంచనాను ఎవరో మళ్లీ ఎనభై వేలకు నింపారు. పక్కన ఉన్న పేరు సుదర్మాజి.

పాక్ సుదర్మాజి అమ్మకాల విభాగానికి పెద్ద. వయసులోనూ పెద్దే. ఫ్యాక్టరీలో సగం పెళ్లిళ్లకు, వుర్యాని పెళ్లితో సహా, తాంబూలాలు అందుకున్నంత హోదాతో ముందు వరుసలో కూర్చున్న మనిషి. అటువంటివాణ్ణి పట్టుకుని తప్పు మీదేననడం సిదోఆర్జోలో పుట్టినవాళ్లెవరికీ చేతకాదు.

ఆమె గదిలోకి అడుగుపెట్టగానే ఆయనే మొదలుపెట్టాడు.

"మంచి వేళకి వచ్చారు, బూ. ఎవరో నా అంచనా తినేస్తున్నారు. ఎనభై వేలు పెట్టి ఇంటికెళ్తానా, వారం తిరిగేసరికి యాభై అయిదు. మళ్లీ నింపుతాను. మళ్లీ తరుగుతుంది. నేను కాబట్టి కనిపెట్టుకుని ఉన్నాను."

"తింటున్నది మీ ఆర్డర్లే, పాక్."

"నా ఆర్డర్లు నా అంచనానే తినడమేంటి? అంత తిండికి మొహం వాచి ఉన్నాయా?"

వుర్యాని కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీ అమ్మాయి పెళ్లికి వెయ్యి మందికి వండించారు కదా. అందులో రెండు వందల మంది వచ్చి తిన్నారనుకోండి. ఇంకెంతమందికి భోజనం ఉండాలి?"

"వెయ్యి మందికి."

"ఎనిమిది వందలు కాదా, పాక్?"

"అదేం మాటమ్మా. రెండు వందల మంది లేవగానే ఇంకో రెండు వందల మందికి పొయ్యి వెలిగించాను. వచ్చినవాడికి గుండిగ అడుగు కనబడితే ఆ ఇంటి పరువేం కాను?"

ఆ పెళ్లి తర్వాత తమ వీధి వీధంతా వారం రోజులు మాంసం పులుసే తిన్న సంగతి వుర్యానికి అప్పుడు గుర్తొచ్చింది. ఇది తెలియనితనం కాదు, మర్యాద. తెలియనితనమైతే నేర్పవచ్చు, మర్యాదకు మందు లేదు.

ఆమె తన గదికి వచ్చి, అప్పటికి వచ్చిన నలభై వేల ఆర్డర్లు పోను అంచనాను ఉండవలసిన నలభై వేలకు దించింది. ఆపైన సుదర్మాజి తెర మీద అంచనా నింపే గడి తీసివేయించి, దాని స్థానంలో కొత్త గడి పెట్టించింది. మిగిలిన అంచనా, చేతిలో ఉన్న ఆర్డర్లు, గేటు దాటిన సరుకు, మూడూ కలిపి చూపే గడి అది.

సోమవారం ఎనిమిదిన్నరకు సుదర్మాజి ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"పొద్దున్న తెరిచి చూశాను. ఎనభై ఎనభైలాగే ఉంది. దొంగ దొరికాడా?"

"దొరికాడు, పాక్. ఇక తినడు."

"ఎవడు?"

"పేరు చెబితే బాగుండదు."

ఆయన గొంతు తగ్గించాడు. "అవునవును. పండుగ ముందు ఎవరి పరువూ తియ్యకూడదు. నేనూ ఎవరితోనూ అనను. ఎవరో మనవాడే అయ్యుంటాడు."

"మనవాడే, పాక్."

తర్వాత ఏ సోమవారమూ ఆయన ఆ గడి జోలికి పోలేదు.

పండుగకు వారం ముందు ఆఖరి లారీ వెళ్లిపోయాక గోదాములో లెక్కపెడితే మిగిలినవి పదకొండు పెట్టెలు. భోజనశాలలో మూడు వందల పన్నెండు బుట్టలూ వరుసగా పేర్చారు. సుదర్మాజి లేచి నిలబడి, "ఎనభై అన్నాను, ఎనభయ్యే అయింది," అని అందరి వైపూ తృప్తిగా చూశాడు. ఆపైన వుర్యాని వైపు తిరిగాడు.

"ఇందులో బూ వుర్యాని కష్టం కూడా కొంత ఉంది. ఆవిణ్ణి అందరితో పాటు ఒక్క బుట్టతో పంపడం మర్యాద కాదు. ఆ మిగిలిన పదకొండు పెట్టెలూ ఆవిడకే ఇప్పించండి."

డైరెక్టర్ తలూపాడు. ఆ ఫ్యాక్టరీలో అంత గట్టిగా, అంత మనస్ఫూర్తిగా చప్పట్లు మోగడం అదే మొదలు. పెద్దాయన చేత్తో ఇచ్చినదాన్ని కాదనడం ఎలాగో వుర్యానికి తెలియదు.

సాయంత్రం ఇంటిముందు వ్యాను ఆగింది. తెగుహ్ బయటికొచ్చి, బిస్కెట్ డబ్బా చూసి నవ్వి, దాని వెనక దిగుతున్నవి చూసి ఆగాడు.

"ఎన్ని?"

"పదకొండు పెట్టెలు."

అతను మంచం కోళ్ల కింద పెట్టడానికి ఇటుకలు వెతకడానికి పెరట్లోకి వెళ్లాడు.