గీత దాటిన అడుగు

ఆదోని క్లబ్బులో టెన్నిసు కోర్టును రోజూ పొద్దున్నే పేడనీళ్లతో అలికేది భీమమ్మ. ఆమె మొగుడు మద్దయ్య అక్కడే మార్కరు. అంటే పెద్దమనుషులకు ఆట నేర్పాలి, వాళ్లతో ఆడాలి, చివరికి మర్యాదగా ఓడిపోవాలి. ఈ మూడో పని ఎవరూ చెప్పింది కాదు, జీతంతో పాటే వచ్చింది. కూలికి ఆడేవాడు కనుక కప్పు పోటీలో అతనికి చోటే లేదు. గెలిచినవాళ్ల పేర్లు రాసే గోడ మీది బల్లపై ఎనిమిదేళ్లుగా బంగారు అక్షరాల్లో మెరుస్తున్నది మిల్లు మేనేజరు పేరు.

చదువు రాని భీమమ్మకు ఆ బల్లతో పనిలేదు. ఆమె చూసేది నేలను. మొగుడి కాలు బంతి కోసం దూసుకొచ్చి, గీతకు జానెడు ఇవతల చప్పున ఆగిపోయిన గుర్తు అక్కడ రోజూ ఉండేది. అందే బంతిని వదిలేసిన చోటది. చూసి నవ్వుకునేది. ఊళ్లో అందరికంటే గొప్ప ఆటగాడు తనింట్లో జొన్నరొట్టె తింటున్నాడని ఆమెకు తెలుసు. ఆయనకూ తెలుసు. ఆ ధీమాతోనే యాభై దాటినా నిటారుగా నడిచేవాడు.

పందొమ్మిది వందల యాభైనాలుగులో మద్రాసు కుర్రాడు కృష్ణన్ వింబుల్డన్‌లో పిల్లల పోటీ గెలిచాడని పేపర్లో పడింది. ఇక క్లబ్బులో ఎవరు గొప్ప ఆటగాడన్న మాటలే. బదిలీ మీద వెళ్లిపోతున్న మేనేజరు మద్దయ్యను పక్కకు పిలిచాడు.

"ఎనిమిది కప్పులు గెలిచాను. నీమీద ఒక్కసారైనా నిజంగా గెలిచానో లేదో నాకే తెలీదు. రేపు ఒక్క బంతీ వదలొద్దు మద్దయ్యా."

మద్దయ్య ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పాడు.

"ఆడు. ఆయప్పే అడిగినాడు గదా. ఒక్కసారి సూపిచ్చు," అంది భీమమ్మ.

మరునాటి సాయంత్రం తిరిగొచ్చి, "ఓడిపోయినా," అన్నాడు. రోజూ అనే మాటే. కానీ రొట్టె ముట్టలేదు.

తెల్లవారగానే భీమమ్మ బకెట్టు తీసుకుని కోర్టుకు పోయింది. గీత దగ్గర ఆగిన అడుగు కోసం వెతికింది. ఒక్కటీ లేదు. ప్రతిచోటా మొగుడి కాలు గీత దాటి జారింది. ఒకచోట మోకాలు గీరుకుపోయి, పక్కనే అరచేయి ఆనిన గుర్తుంది. ప్రాణం పెట్టి ఆడి కూడా ఓడిపోయాడు. ఆమెకు ఏడుపొచ్చింది. ఆడమని పంపింది తనే. ఇంకెవరూ చూడకుండా ఆ పక్కంతా రెండుసార్లు అలికింది.

ఇంటికి పోతే మద్దయ్య మంచం మీద కూర్చునున్నాడు.

"సూసినావా?" అన్నాడు.

నేల మీద లేని మాట భీమమ్మ ఇన్నేళ్లలో ఎన్నడూ చెప్పలేదు.

"సూసినా. గీత కాడ ఆగినావు. ఎప్పుటి మాదిరే."

మద్దయ్య ఆమె పేడచేతుల వంక చూశాడు. తర్వాత ఎమ్మిగనూరు పంచెను మోకాలి మీదికి లాక్కుని, చెక్కుకుపోయిన చోటు కప్పుకున్నాడు.

"ఆయప్ప శానా బాగా ఆడినాడులే," అని, రొట్టె పెట్టమన్నాడు.