లోపల వదిలిన గుడ్డ

పిచ్చుకకు మాటలు రావు. ముద్దుపేరు పిచ్చుకే గానీ ఆ పిల్ల నోట కిచకిచ కూడా వినిపించదు. పాత లాప్‌టాప్ తెర మీద బొమ్మ నొక్కితే వాళ్ళమ్మ గొంతు పలుకుతుంది: "ఆకలేస్తోంది", "నిద్రొస్తోంది", "నాన్నను పిలువు". ఆ ప్రోగ్రాం రాసిందీ, ప్రతి మాటా రికార్డు చేసిందీ అమ్మే.

ఆ లాప్‌టాప్‌లోని సిస్టం తయారుచేసిన కంపెనీ, ఇక పాతవాటి బాగోగులు చూడబోమని చేతులు దులుపుకుంది. ఎవరో ఎక్కడో దుకాణం కట్టేస్తే తన పిల్ల నోరు మూతపడటమేమిటని అమ్మకు ఒళ్ళు మండింది. ఏరి ఏరి, పాత యంత్రం మీద కూడా తేలిగ్గా నడిచే, ఊరికే దొరికే లినక్స్ సిస్టం ఒకటి ఎంచుకుంది. ప్రోగ్రాం రాసుకునే ఎడిటర్ నుంచి గొంతు రికార్డు చేసే పనిముట్టు దాకా అన్నీ ఎవరైనా విప్పి చూసుకోగలిగినవే తీసుకుంది.

ముందు గదిలో మిషన్ తొక్కుతున్న భర్త నవ్వాడు. "ఊరికే వచ్చినదానికి లైనింగు ఉంటుందా?"

"లైనింగు సంగతేమో గానీ కుట్లన్నీ కనిపిస్తాయండీ. రేపు నేను లేకపోయినా ఎవరైనా విప్పి కుట్టుకోవచ్చు."

"పొద్దున్నే అవేం మాటలు?" అని కసిరి, అతను మళ్ళీ పనిలో పడ్డాడు. కూతురి గౌను కుడుతున్నాడు. పిల్లల బట్టలకు మడతల్లో రెండు వేళ్ళ గుడ్డ వదలందే అతనికి తోచదు. ఎదిగే పిల్లలు, విప్పి వదులు చేసుకోవచ్చంటాడు.

ఆమె లాప్‌టాప్‌లో ఉన్నదంతా తుడిచేసి కొత్త సిస్టం ఎక్కించింది. పెన్‌డ్రైవ్‌లో దాచిన ప్రోగ్రాం తెచ్చి తెరిచింది. బొమ్మలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కింద మాత్రం ఇంకో వరుస ఉంది. అది ఆమె పెట్టింది కాదు.

ఆమె ఆపేలోపే పిచ్చుక అందులో ఒకటి నొక్కింది.

"అమ్మ ఫోటో చూపించు," అంది లాప్‌టాప్, భర్త గొంతుతో.

ముందు గదిలో కుట్టుమిషన్ ఆగకుండా నడుస్తూనే ఉంది. ఆమె అటు తిరిగింది.

"ఏమండీ, మీరెప్పుడైనా దీన్లో మాట్లాడారా?"

"నాకు దాన్ని ఆన్ చెయ్యడమే రాదు కదే!"

ప్రోగ్రాంలో ఏ లైను ఎవరు, ఏ రోజు రాశారో పక్కనే చూపించే పనిముట్టు ఒకటి ఉంటుంది. దాన్ని తెరిచింది. ఆ కింది వరుస లైన్లన్నిటి పక్కనా భర్త పేరు, వచ్చే ఏడాది తేదీలు. గడియారం తప్పేమోనని చూసుకుంది. సరిగ్గానే ఉంది. పైన, ఇంకా తాను రాయని లైన్ల పక్కన కూడా తన పేరు వచ్చే వానాకాలం దాకా ఉంది, ఆ తర్వాత ఒక్కచోటా లేదు. అతని లైన్లు చెయ్యి తిరగనివాడి రాతలా వంకరటింకరగా ఉన్నాయి. ఒకచోట ప్రోగ్రాం పట్టించుకోని మాట ఒకటి, తన కోసమే రాసుకున్నట్టుంది: "లోపల గుడ్డ వదిలాను. తను నేర్పినట్టే."

ఆమెకు భయమేసింది. చావంటే కాదు, పిల్ల ఆ బొమ్మను మళ్ళీ నొక్కుతుందేమోనని. ఆ వరుసంతా చెరిపేసి, లాప్‌టాప్ కట్టేసి, మళ్ళీ తెరిచింది. వరుస అక్కడే ఉంది. మళ్ళీ చెరిపింది. ఈసారి వచ్చిన వరుసలో ఒక బొమ్మ ఎక్కువే ఉంది. పిచ్చుక దానివైపు వేలు చాచింది. ఆమె ఆ వేలు పట్టుకుని ఆపింది. ఆ వరుసను ఇక చెరపలేదు.

అప్పుడు పిలిచింది. "ఏమండీ, ఆ మిషన్ ఆపి ఒకసారి ఇలా రండి."

అతను మెడలో టేపుతోనే వచ్చాడు. ఆమె తన కుర్చీలో అతన్ని కూర్చోబెట్టింది.

"దీన్ని ఎలా ఆన్ చెయ్యాలో చూడండి. ఆ తర్వాత గొంతు రికార్డు చెయ్యడం చెప్తాను."

"అన్నీ నీ గొంతుతోనే ఉన్నాయిగా, మధ్యలో నా బొంగురు గొంతెందుకు?"

"పిల్ల ఎదుగుతోంది కదండీ," అంది ఆమె. "లోపల కాస్త గుడ్డ వదులుతున్నాను."

అతనికి ఆ మాట తెగ నచ్చింది. నవ్వుతూ గొంతు సవరించుకున్నాడు.