ఏడోనాటి నడక

బెల్లాను మెట్ల మీంచి దించుతున్నప్పుడు ఆమె ఒంటిమీద ఓవర్‌కోటు, చేతులకు గ్లౌజులు అలాగే ఉన్నాయి. తన ఇంట్లో, తన మంచం మీద పడుకున్న మనిషి చలికి చచ్చిపోయింది. చలికి అనడం కూడా అబద్ధమే. డెట్రాయిట్‌లో చలి ఏటా వస్తుంది. బిల్డింగంతటికీ వేడినిచ్చే బాయిలర్ చెడిపోతే బాగుచేయించని ఓనరు చంపాడు.

మూడో అంతస్తు గుమ్మంలో నిలబడి సుమతి అంతా చూసింది. ఏడవడానికి కూడా ఆమెకు మొహం చెల్లలేదు.

క్రిస్మస్‌కి ముందే బెల్లా ప్రతి తలుపూ తట్టింది. వయసులో ఉండగా కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో సమ్మెలు చేసిన యూదు ముసలమ్మ ఆమె. "మేము ఒకప్పుడు ఈజిప్టులో బానిసలం అని ఏటా పండగ భోజనం దగ్గర పిల్లలకు చెప్పుకుంటాం. చెప్పుకుని, తిని, పడుకుంటే సరిపోతుందా? బాయిలర్ మీద ఫిర్యాదు చేయడానికి అందరం కలిసి సిటీ ఆఫీసుకు పోదాం రండి" అంది. కింది ఇంట్లో ఉండే నల్లజాతి మనిషి ఒడెస్సా ముందుగా సరేనంది. ఆమె వెనకే బిల్డింగంతా సరేనంది.

సుమతే అడ్డుపడింది. ఓనరు డాక్టర్ రామమోహనరావు మనవాడే కదా! కార్ల ఫ్యాక్టరీలో తన భర్త కృష్ణమూర్తి ఉద్యోగం ఊడినప్పుడు ఇల్లిచ్చినవాడు. ఉగాదికి ఊరి శివార్లలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని వాళ్ళింట్లో పులిహోర కలిపింది కూడా తనే. మనవాళ్ళను రచ్చకీడ్చడం ఏం మర్యాద?

"నేను ఫోన్ చేస్తాను, ఆగండి" అంది. ఆమె మాట మీద అందరూ ఆగారు.

"పార్ట్ ఆర్డర్ చేశానమ్మా, వచ్చేస్తుంది" అన్నాడు డాక్టరు. మళ్ళీ చేస్తే, "వాళ్ళ గొడవ నీకెందుకమ్మా? నీకో హీటర్ పంపిస్తా, గుట్టుగా వాడుకో" అన్నాడు. హీటరొచ్చింది. సుమతి పుచ్చుకుంది. పార్టు మాత్రం రాలేదు.

యూదుల ఇంట్లో చావు జరిగితే, పూడ్చిపెట్టి వచ్చాక ఏడు రోజులు తలుపుకు గడియ పెట్టరు. వచ్చినవాళ్ళు తట్టకుండా లోపలికొచ్చి కూర్చుంటారు. దుఃఖంలో ఉన్న మనిషి పలకరించేదాకా నోరు విప్పరు. బెల్లా కూతురు మిరియమ్ పొట్టి స్టూలు మీద కూర్చుంది. బిల్డింగంతా కోట్లు విప్పకుండానే ఆ గదిలో చేరింది. సుమతి హీటరు మోసుకొచ్చి మిరియమ్ ముందు పెట్టింది.

"ఏమిటిది?" అంది మిరియమ్.

"డాక్టరు నాకొక్కదానికే ఇచ్చాడు. మీకు చెప్పకుండా వాడుకున్నాను" అని సుమతి భోరుమంది.

"అందుకేనా మమ్మల్ని ఆగమన్నావు?" ఒడెస్సా ఒక్క అరుపు అరిచింది.

మిరియమ్ హీటరును పక్కకు జరిపింది. "ఆగింది మనమందరం" అంది. "ఆమెను కూర్చోనివ్వు."

డాక్టరు కూడా వచ్చాడు, పళ్ళబుట్టతో. మిరియమ్ అతణ్ణి పలకరించలేదు. కాబట్టి ఎవరూ పలకరించలేదు. తన బిల్డింగు చలిలో, తన నోటి ఆవిరి తనకే కనబడుతుంటే, అందరి మధ్యా కూర్చున్నాడు. ఉండబట్టలేక సుమతి వైపు వంగి, "నువ్వైనా చెప్పమ్మా, నేను కావాలని చేశానా?" అని తెలుగులో గొణిగాడు.

ఇన్నేళ్ళూ అన్నయ్యగారూ అని పిలిచిన నోటితో, అందరికీ వినపడేలా ఇంగ్లీషులో, "ఇక్కడ అందరికీ అర్థమయ్యేలా మాట్లాడండి, డాక్టర్ రావ్" అంది సుమతి. అతను లేచి వెళ్ళిపోయాడు. మనవాళ్ళెవరో ఆమెకు తెలిసొచ్చింది. తెలిసేసరికి బెల్లా లేదు.

ఏడోనాడు పొద్దున దుఃఖంలో కూర్చున్నవాళ్ళు లేచి, బయటికొచ్చి వీధి ఒక చుట్టు నడుస్తారు. మళ్ళీ లోకంలోకి రావడమన్నమాట. మిరియమ్ తల్లి గ్లౌజులు తొడుక్కుంది. "ఏ వీధి చుట్టూ నడవాలో ఎక్కడా రాసిలేదు" అంది.

అందరూ కార్లెక్కారు. దారి తెలిసింది సుమతికే కాబట్టి ఆమె కారు అన్నిటికంటే ముందు సాగింది.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో, మంచు కప్పిన లాన్ల మధ్య, డాక్టరుగారి వీధి చుట్టూ ఆ జనం నడిచారు. నినాదాలు లేవు. బూట్ల చప్పుడే. కిటికీల్లో కర్టెన్లు కదిలాయి. డాక్టరు భార్య భానుమతి తలుపు తీసి, "ఏంటి సుమతీ ఇది, పరువు తీస్తున్నారు! ముందు లోపలికి రా, చలి" అంది.

"తెలుసు వదినా. మేమందరం చలిలోంచే వచ్చాం."

పోలీసు కారు వచ్చి ఆగింది. "ఇక ఇళ్ళకు పొండి" అన్నాడు అందులోంచి దిగినవాడు.

"నడిచింది ఒక చుట్టే. అది మా అమ్మ కోసం" అంది మిరియమ్. ఆమె చేతుల్ని ఒకవైపు ఒడెస్సా, ఇంకోవైపు సుమతి పట్టుకున్నారు.

"ఇది బాయిలర్ కోసం" అంది సుమతి. అందరూ రెండో చుట్టు మొదలుపెట్టారు.