సత్తు తపేలా

జడలో చిక్కుకున్న ధర్మాకోల్ పూసలు దులుపుకుంటుంటే సోఫియాకి నవ్వొచ్చింది. పెళ్లినాడు చర్చి గుమ్మంలో చల్లిన పూలరేకులూ ఇలాగే ఇరుక్కుపోయాయి.

కొత్త టీవీ పెట్టెలో వచ్చిన ధర్మాకోల్‌ని కాల్చిన బ్లేడుతో కోసి, కోతపండుగకి చర్చిలో ఇవ్వబోయే పలక చేసింది. అక్షరాలు విడిగా చెక్కి అంటించింది: ‘కానుక: యేసుబాబు’. తన పేరూ పెడతానంటే అత్తగారు జ్ఞానమణి ఒప్పుకోలేదు.

“కానుకంటే ఇంటి మగోడి పేరేనమ్మా. డిగ్రీ సదివావు, ఆమాత్రం తెలీదేటి? బేగి లేచి కూర సూడు.”

మొగుడు యేసుబాబు ఆమె బుగ్గ గిల్లాడు. “నువ్వు సెక్కింది ఎలాగూ కాలిపోద్ది సోఫీ. మిగిలేది నే పోసిందే.”

అప్పుడు అదీ ముద్దుగానే ఉంది. ఇసుకలో పాతిన ధర్మాకోల్ మీద కరిగిన సత్తు పోస్తే, అది ఆవిరై, ఆ ఆకారమంతా లోహం నిండడం ఆమెకింకా మాయలాగే ఉండేది. మొదట పోసిన నక్షత్రం మీద పూసల గుర్తులు కూడా పడ్డాయని వీధంతా తిప్పి చూపించింది.

సత్తు పోసే దారి మాత్రం పైకి కనిపించేలా పలకని పెరట్లో ఇసుక డబ్బాలో పాతి, కొలిమి దగ్గరికొచ్చింది. నిప్పుల మీది మూసలో, కరుగుతున్న పాత స్కూటర్ ముక్కల మధ్య ఒక గిన్నె అంచు ఇంకా కరగకుండా నిలబడి ఉంది. దాని మీద చుక్కలతో కొట్టిన అక్షరాలు. ‘లోమి’.

సలోమి. యలమంచిలి బజార్లో కొట్టువాడి పక్కన నిలబడి, వంకర పోనివ్వకుండా అమ్మ కొట్టించుకున్న తన సొంత పేరు.

“అది మా అమ్మిచ్చిన తపేలా అండీ!”

“కుక్కరుంది గదా, ఇంకా అదెందుకు? సత్తు సాల్లేదు.” బ్లోయర్ తిప్పుతూ యేసుబాబు తల కూడా ఎత్తలేదు.

“గిన్నెకేటి ఏడుపు?” వంటింట్లోంచి జ్ఞానమణి. “గుమ్మం దాటి వచ్చాక అది మనదే.”

అంచు మెల్లగా ఒరిగింది. అక్షరాలు మునిగిపోయాయి. సోఫియాకి ఏడుపు రాలేదు. తన బుగ్గ గిల్లిన చేతికేసే చూస్తూ ఉండిపోయింది. అడగాలని కూడా తోచలేదు ఆ మనిషికి. దాచాలనీ తోచలేదు.

“ఇసుక సరిగ్గా కుదించలేదండీ. మళ్లీ పాతుతాను.”

“బేగి కానీ.”

ఆమె అటు తిరిగి కూర్చుంది. పలక తవ్వి తీసి, ‘యేసుబాబు’ని ఒక్కో అక్షరమే ఊడబీకింది. మిగిలిన ధర్మాకోల్ ముక్కలోంచి అమ్మ పేరు మూడక్షరాలూ కోసి అంటించింది. పాతి, ఇసుక గట్టిగా కుదించింది.

యేసుబాబు పట్టకారుతో మూస ఎత్తి పోశాడు. గుప్పున నల్లటి పొగ లేచింది.

“ఎలా తాగేసిందో సూసావా! నా పేరు అచ్చుగుద్దినట్టు పడుద్ది.”

“చల్లారాక మీ చేత్తోనే తవ్వి తియ్యండి,” అంది సోఫియా.