ఒక జత, ఏడు ఒంటివి

నేను ఒక తోలు గ్లవ్‌ను. బేస్‌బాల్ ఆడేవాళ్లు బంతి పట్టడానికి తొడుక్కునే రకం. కుడిచేతిదాన్ని. ఈ ఆఖరి మాట గుర్తుంచుకోండి, నా బతుకు తగలబడిందీ బాగుపడిందీ దానివల్లే.

ఈ ఆటలో ఒక చేత్తో బంతి పట్టి రెండో చేత్తో విసురుతారు. మనుషుల్లో ఎక్కువమంది కుడిచేత్తో విసురుతారు కనుక గ్లవ్‌లన్నీ దాదాపు ఎడమచేతికే పుడతాయి. ఎడమచేత్తో విసిరే కొద్దిమంది కోసం నాలాంటిది ఎప్పుడో ఒకటి పుడుతుంది. జలంధర్‌లో నన్ను కుట్టిన పెద్దాయన ఈ ఆట ఎన్నడూ చూడలేదు. నన్ను ఒకసారి చేతికి తొడుక్కుని, వేళ్లు ఆడించి, ఇంత లావు చెయ్యి ఏ దేశపు మనిషికుంటుందో అనుకుని పెట్టెలో పడేశాడు. ఆ పెట్టెలో మేం తొమ్మిదిమంది. ఎనిమిది ఎడమవి, నేనొక్కదాన్నే కుడిది.

పెట్టె అనంతపురం జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి చేరింది. అక్కడ ఆటసామాన్ల గది తాళంచెవి దాదాపీర్ గారిది. ఆయనకు తెలిసిన గ్లవ్‌లు క్రికెట్ కీపర్‌వి, బాక్సింగ్‌వి. అవన్నీ జతలుగా వస్తాయి. తొమ్మిది ఎలా వస్తాయో ఆయనకు అంతు పట్టలేదు. అన్నింటినీ బల్లమీద పరిచి, నన్నూ ఒక ఎడమదాన్నీ పక్కపక్కన పెట్టి చూసి, హమ్మయ్య అనుకుని రిజిస్టరులో రాశాడు: ‘గ్లవ్‌లు – ఒక జత, ఏడు ఒంటివి.’ మా ఇద్దరినీ పురికొసతో కలిపి కట్టాడు. మిగిలిన ఏడింటికి జోళ్లు పంపలేదని కంపెనీకి ఉత్తరం కూడా రాశాడు. జవాబు రాలేదు. వాళ్లు ఇంకా ఆలోచిస్తూ ఉండవచ్చు.

ఆటలు నేర్పే పీడీ వెంకటశివుడు సార్ రిజిస్టరు చూసి నవ్వాడు. ఈ ఆటలో మనిషికి ఒకే గ్లవ్ అని చెప్పి, జత అన్నమాట కొట్టేయమన్నాడు. కానీ అప్పటికే ప్రిన్సిపాల్ సంతకం అయిపోయింది.

“రాసిండేది కొట్టేస్తే నా నౌకరీకే వస్తాది సార్. రెండూ ఒగే మనిషికి పోవాల, రెండూ ఒగేసారి రావాల,” అన్నాడు దాదాపీర్ గారు.

‘ఒక జత ముట్టినది’ అని సంతకం పెడితే బేస్‌బాల్ గ్లవ్‌లు జతగా వస్తాయని తాను ఒప్పుకున్నట్టేనని పీడీ సార్ పెట్టలేదు. జట్టు ఏడు గ్లవ్‌లతో ఆడింది, మిగతా రెండూ అవతలి జట్టు దగ్గర అడుక్కుంది. ఈ పెద్దమనుషులిద్దరూ ఆ ఒక్క మాట కోసం ఆరేళ్లు కలిసి టీ తాగలేదు. మేమిద్దరం ఆరేళ్లు బీరువాలో కట్టేసి ఉన్నాం. పక్కనున్న ఎడమది మంచిదే గానీ మాకు మాట్లాడుకోవడానికి ఏముంటుంది? బంతి ఎలా ఉంటుందో ఇద్దరం చూడలేదు.

ఏడో ఏట కుళ్ళాయమ్మ వచ్చింది. డిగ్రీ మొదటి సంవత్సరం. వరండాలో ఎవరిదో క్యారియర్ ఎత్తుకుపోతున్న కోతిని ఒక్క రాయితో బెదరగొట్టి క్యారియర్ వదిలించిందట. ఎవరు వేశారా అని పీడీ సార్ తిరిగి చూసేసరికి చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఆమెను బేస్‌బాల్ జట్టులోకి తీసుకున్నాడు, ఆటగాళ్ల కోటాలో హాస్టల్ సీటు ఇప్పించాడు. ఆమె ఊరు నుంచి కాలేజీకి రెండు బస్సులు మారాలి, హాస్టల్ లేకపోతే చదువు లేదు. అంత కష్టపడి తెచ్చుకున్న పిల్ల మైదానంలో దిగి బంతి విసిరితే అది కాళ్ల దగ్గర పడి దొర్లేది. నాలుగు నెలలూ అంతే. తాను చూసింది వేరే పిల్లనేమోనని పీడీ సార్‌కు అనుమానం వచ్చింది. ఈలోగా వార్డెన్ నోటీసు అంటించింది. ఈ నెలలోగా ఒక్క మ్యాచ్ అయినా ఆడని కోటా పిల్లలు గది ఖాళీ చేయాలి. నెలలో మిగిలింది ఒకే మ్యాచ్, అదీ మా మైదానంలోనే, పక్క ఊరి కాలేజీతో. ఎలాగూ ఆడించరని కుళ్ళాయమ్మే ఇంటికి కబురు పెట్టింది, పెట్టె తీసుకుపోవడానికి అమ్మను రమ్మని.

మ్యాచ్ రోజు పొద్దున పిచ్చర్‌కు, అంటే బంతి విసిరే అమ్మాయికి, అమ్మవారు పోసింది. పీడీ సార్ తల పట్టుకుని మైదానంలో నిలబడ్డాడు. అటు చివర బంతులు ఏరుతున్న కుళ్ళాయమ్మ ఎవరూ చూడడం లేదనుకుని, అరవై అడుగుల అవతలున్న బుట్టలోకి ఒకదాన్ని ఎడమచేత్తో విసిరింది. బుట్ట పడిపోయింది. సార్ ఆమె దగ్గరికి వెళ్లి ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడిగాడు.

“అమ్మ తిడ్తాది సార్, రొడ్డచెయ్యి వాడితే,” అంది.

రొడ్డచెయ్యి అంటే ఆ పక్క ఎడమచెయ్యి. ఆ మాటను అక్కడ ఎవరూ మెచ్చుకోలుగా అనరు. చిన్నప్పుడు కుళ్ళాయమ్మ అన్నం తినేటప్పుడూ పలక మీద రాసేటప్పుడూ వాళ్లమ్మ లింగమ్మ పాతచీర పేలికతో ఆ చెయ్యి నడుముకు కట్టేసేదట. ముడి ఎలా వేస్తే ఊడదో లింగమ్మకు బాగా తెలుసు. ఒక్క సజ్జచేలో పిట్టల్ని తోలేటప్పుడు మాత్రం కట్టు విప్పేది. అక్కడ గురి ముఖ్యం, మర్యాద కాదు.

పీడీ సార్ నేరుగా సామాన్ల గదికి వచ్చాడు. రిజిస్టరు లాక్కుని ‘ఒక జత ముట్టినది’ కింద సంతకం పెట్టాడు. దాదాపీర్ గారు సంతకం ఆరేదాకా ఊదాడు. పురికొస విప్పి మమ్మల్ని కుళ్ళాయమ్మ చేతిలో పెట్టి, రెండూ ఎవరికీ పంచకూడదని, రెండూ మైదానంలో తనకు కనిపించాలని చెప్పాడు.

చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల. రెండు చేతులకూ రెండు గ్లవ్‌లు తొడుక్కుని మైదానం నడుమ నిలబడింది. అవతలి జట్టు నవ్వు ఆపుకోలేకపోయింది. అంపైర్ మాత్రం మర్యాదగా, బాల్ దేంతో వేస్తావమ్మా అని అడిగాడు. అప్పుడు ఎడమది తీసి, ఎవరికిద్దామా అని చుట్టూ చూసింది. గట్టు మీద రేకుపెట్టె పక్కన పెట్టుకుని లింగమ్మ కూర్చుని ఉంది. వార్డెన్ సంతకానికి ఇంకా గంట ఉందని అక్కడికి వచ్చి కూర్చుందట. కుళ్ళాయమ్మ వెళ్లి గ్లవ్‌ను తల్లి ఒళ్లో పెట్టింది. ఇక చేతికి మిగిలింది నేనే. ఆమెకూ నాకూ ఇద్దరికీ అదే మొదటి ఆట. ఆరేళ్ల అనుభవం ఉన్నట్టు కనబడాలని నేను బిగుసుకున్నాను.

మొదటి బంతి బ్యాటు పట్టిన అమ్మాయి భుజానికి తగిలింది. అలా తగిలితే ఆ అమ్మాయికి మొదటి బేస్, అంటే పరుగుదారిలో మొదటి మజిలీ, ఊరికే ఇచ్చేస్తారు. రెండో అమ్మాయికి నాలుగు బంతులూ దూరంగా పోయాయి, దానికీ అదే శిక్ష. మూడో అమ్మాయికీ అంతే. మూడు బేస్‌ల మీదా మనుషులు నిండారు. ఇంకొకరికి ఇలాగే బేస్ ఇస్తే అవతలివాళ్లకు పరుగు. ప్రతి బంతికీ ముందు కుళ్ళాయమ్మ గట్టు వైపు చూస్తోందని నాకు అర్థమైంది. గుంపులో ఎవరో “రొడ్డది దొరికిందిరా” అన్నారు. లింగమ్మ తల దించుకుంది. నాకు ఒళ్లు మండింది, కానీ గ్లవ్ ఏం చేయగలదు? పీడీ సార్ ఆట ఆపి వేరే పిల్లను దించడానికి లేచాడు.

అప్పుడు లింగమ్మ గట్టు మీద నిలబడింది.

“నా పక్క చూడాకు పాపా. చేన్లో యేసినట్ల యెయ్యి.”

అరవలేదు, మామూలుగానే చెప్పింది. కుళ్ళాయమ్మ చెయ్యి నాలోపల ఒక్కసారిగా వదులైంది. పీడీ సార్ కూర్చున్నాడు.

తర్వాతి రెండు బంతులు బ్యాటు పట్టిన అమ్మాయికి కనబడ్డాయో లేదో నాకు అనుమానమే. మూడోది బ్యాటుకు తగిలింది. బలంగా, నేరుగా మా మొహం మీదికి వచ్చింది. కుళ్ళాయమ్మ కళ్లు మూసుకుంది. పేపర్లో రాలేదు కనుక నేనే చెప్పాలి. ఆ క్యాచ్ పట్టింది నేను. కొట్టిన అమ్మాయి అవుట్. బంతి ఎటో పోయిందనుకుని మూడు బేస్‌ల వాళ్లూ పరుగు మొదలుపెట్టారు. కుళ్ళాయమ్మ కళ్లు తెరిచి, నాలో బంతి చూసి ఆశ్చర్యపోయి, ఎడమచేత్తో మూడో బేస్‌కు విసిరింది. క్యాచ్ పడితే పరుగెత్తినవాళ్లు వదిలిన బేస్‌కు తిరిగి చేరాలి. వదిలిపోయిన అమ్మాయి వెనక్కి చేరేలోపు బంతి చేరింది, రెండో అవుట్. అక్కడి పిల్ల రెండో బేస్‌కు విసిరింది, మూడో అవుట్. ఒక్క బంతికి ముగ్గురు. మైదానంలో సగంమందికి ఏం జరిగిందో తెలియలేదు. అందులో కుళ్ళాయమ్మ కూడా ఉంది.

మ్యాచ్ మేమే ఓడాం, రెండు పరుగుల తేడాతో. మర్నాడు పేపర్లో ‘సాఫ్ట్‌బాల్‌లో మెరిసిన కల్యాణమ్మ’ అని వచ్చింది, ఫొటోలో ప్రిన్సిపాలూ అతిథులూ ఉన్నారు. అయినా ఆట ఆడినట్టు వార్డెన్ ఒప్పుకుంది. లింగమ్మ రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని మళ్లీ హాస్టల్ మెట్లెక్కింది. సామాన్ల గది ముందు దాదాపీర్ గారూ పీడీ సార్ చెరొక టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డారు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

సెలవుల్లో ప్రాక్టీసుకని జతను కుళ్ళాయమ్మ పేరు మీదే ఇంటికి పంపారు. ఊళ్లో ఆమె బంతి పట్టేవాళ్లు లేరు. కోసేసిన సజ్జచేలో లింగమ్మే ఎడమదాన్ని తొడుక్కుని నిలబడేది. పట్టేది బాగానే. తిరిగి విసిరితే మాత్రం బంతి సగం దూరంలోనే పడి దొర్లేది. ఆ దొర్లడం నేను కుళ్ళాయమ్మ మొదటి నాలుగు నెలల కథలో విన్నదే. కానీ నాకూ తట్టలేదు.

ఐదో రోజు సాయంత్రం విసుగెత్తిందో ఏమో, లింగమ్మ చేని గట్టు వైపు చూసింది, దారి వైపు చూసింది. ఎవరూ లేరు. గ్లవ్ తీసి చంకలో పెట్టుకుని ఎడమచేత్తో విసిరింది. బంతి వచ్చి నా నడిమధ్యలో పడింది. అంత దెబ్బ మ్యాచ్‌లో కూడా తినలేదు.

నీ చెయ్యి ఎవరు కట్టారమ్మా అని కుళ్ళాయమ్మ అడగలేదు. నడిచివెళ్లి నన్ను తీసి తల్లి కుడిచేతికి తొడిగింది. లోపల చూస్తే అదే కొలత, అవే వేళ్లు, కాకపోతే కాయలు కాసినవి.

కుళ్ళాయమ్మ వెనక్కి వెళ్లి బంతి పైకెత్తింది.

“మెల్లగా యెయ్యి పాపా,” అంది లింగమ్మ. “నేను కొత్త.”