ముక్కావిడ తీర్పు

చుట్టుపక్కల మామిడి రైతులంతా ఆమెను ముక్కావిడ అనేవాళ్ళు, ఎదురుగానే. ఆమె కోప్పడేది కాదు, పైగా మురిసిపోయేది. పండు రుచి చూసేది నాలుక అనుకుంటారు గానీ, నాలుకకు తెలిసేది తీపీ పులుపూ అంతే. మిగతా సంగతంతా ముక్కుదే. ఆమె కళ్ళు మూసుకుని ముక్క వాసన చూసి, అది ఏ రకమో, గడ్డిలో మాగిందో చెట్టునే పండిందో చెప్పేసేది. మొహమాటం ఆమె ఒంటికి పడదు. బాగోలేని పండును "తీపి నీళ్ళు" అని రైతు మొహం మీదే అనేసేది.

అలాంటి మనిషికి చలికాలంలో జ్వరం వచ్చింది. పోతూ పోతూ వాసనలన్నీ వెంటబెట్టుకుపోయింది. ఇవాళ వస్తాయి, రేపు వస్తాయి అనుకుంటూ ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? ఉన్న పరువంతా ఆ ముక్కు మీదే నిలబడి ఉందాయె. ఈలోగా కాయల కాలం వచ్చిపడింది.

ఏటా నర్సరీ షెడ్డులో రుచి పోటీ పెడతారు. ఎక్కడా దొరకని రకాలు, పెరట్లో ఒంటి చెట్టుగా మిగిలిపోయినవి, రైతులు తెస్తారు. తొక్క చూసి గుర్తుపట్టకుండా ఎవరి పండు వాళ్ళు లోపలి గదిలో చెక్కు తీసి, ముక్కలు కోసి, నంబరు వేసిన పళ్ళెంలో పెట్టిస్తారు. ముక్కావిడతో సహా రుచి చూసేవాళ్ళు నచ్చిన పళ్ళెం ముందు ఒక చెక్కబిళ్ళ పెట్టాలి. గెలిచిన చెట్టుకు నర్సరీవాళ్ళు అంట్లు కడతారు, ఆ రకం బతికిపోతుంది. టెంక పాతితే మొలిచేది తల్లిలాంటి చెట్టు కాదు మరి.

ఈసారి ఆమె తమ్ముడూ పండు తెచ్చాడు. అతని భార్య కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో వంటింటి వెనక్కి విసిరిన టెంకే ఆ చెట్టయింది. ఆవిడ ఇప్పుడు లేదు. చెట్టుకేమో కాండం తొలిచే పురుగు పట్టింది. ఇంట్లో కట్టిన అంటు ఒక్కటీ నిలవలేదు. పురుగు తమ తోటలకు పాకకముందే కొట్టేయమని పక్కవాళ్ళు పోరుతుంటే, పోటీ అయ్యేదాకా ఆగమని కాళ్ళావేళ్ళా పడ్డాడు.

అయినవాళ్ళ పండు ఉంటే రుచి చూసేవాళ్ళు తప్పుకోవాలన్నది షెడ్డు పద్ధతి. నర్సరీ పెద్దాయన ఆ మాటే ఎత్తాడు. రైతులు ఒప్పుకుంటేనా!

"ఆవిడా? సొంత తమ్ముడినైనా ఉతికి ఆరేస్తుంది. ఉండనివ్వండి."

తప్పుకోవడానికి పెద్దాయన మాటకన్నా మంచి దారి దొరకదు. అయినా ఆ మెప్పు చెవిన పడ్డాక ఆమె బిళ్ళ అందుకుంది.

తమ్ముడు పక్కకు పిలిచాడు. "అక్కా, నాకోసమని చూడకు. నిజంగా బాగుంటేనే పెట్టు."

ముక్కావిడ ఒక్కో ముక్కా ముక్కు దగ్గర పెట్టుకుంది. అన్నీ ఒకటే, మంచినీళ్ళు. మిగతావాళ్ళ బిళ్ళలు మూడో పళ్ళేనికీ ఐదోదానికీ సరిసమానంగా పడ్డాయి. ఇక తేల్చాల్సింది ఆమే. తమ్ముడి పండుకు టెంక చుట్టూ పీచు ఉంటుందని ఆమెకు తెలుసు. ఐదోది నోట్లో వెన్నలా జారిపోయింది. మూడోది పళ్ళ సందుల్లో ఇరుక్కుంది. ఇదే మరదలి చెట్టు అనుకుంది. న్యాయం, ధర్మం గట్టున పెట్టి మూడోదాని ముందు బిళ్ళ పెట్టేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె చూపిన మొదటి పక్షపాతం అది.

తమ్ముడిది ఐదోది. పీచు తగిలితే ఎక్కడ వంక పెడతారోనని టెంక జోలికి పోకుండా పైపైన కోసిచ్చాడు, పిచ్చివాడు.

ఫలితం చెప్పాక అతనే దగ్గరికి వచ్చాడు. నవ్వబోయాడు, రాలేదు.

"పోన్లే అక్కా. నువ్వే కాదన్నావంటే అది అంత గొప్పదేం కాదన్నమాట. ఆవిడ మీద ప్రేమకొద్దీ నాకే అలా అనిపించిందేమో ఇన్నాళ్ళూ."

అప్పుడే చెప్పాల్సింది. చుట్టూ జనం ఉన్నారు, గెలిచిన రైతు చేతులు పట్టుకుని వదలడం లేదు. రేపు ఇంటికెళ్ళి నిదానంగా చెబుదాంలే అనుకుంది.

మర్నాడు తెల్లారే బయల్దేరాల్సిన మనిషికి మాటలు కూడదీసుకునేసరికి మధ్యాహ్నం దాటింది. వెళ్ళేసరికి తమ్ముడు ముందరి కుళాయి దగ్గర మోచేతులదాకా కడుక్కుంటున్నాడు. ఎక్కడ ఆగిపోతానోనని ఆమె గేటు తీస్తూనే మొదలుపెట్టింది.

"ఒరేయ్, చలికాలం నుంచీ నాకు వాసన తెలియట్లేదురా. ఎవరికీ చెప్పలేదు. నీదే అనుకుని మూడోదానికి పెట్టాను. నీ పండుకేం తక్కువరా, నువ్వనుకున్నది నిజమే. పద, పెద్దాయన కాళ్ళు పట్టుకునైనా నేను ఒప్పిస్తాను. ఓ నాలుగు రెమ్మలు కోసుకురా."

తమ్ముడు కుళాయి కట్టేశాడు.

"వీధి మొదట్నుంచీ పొగ వాసన వస్తోంది కదక్కా," అన్నాడు. ఆమె చెప్పింది ఇంకా నమ్మలేకపోతున్నాడు.

ఆమె ఇల్లంతా దాటుకుని వంటింటి కిటికీ దగ్గరికి పరుగెత్తింది. ఎప్పుడూ చీకటిగా ఉండే ఆ గదిలో ఎండ పడుతోంది. బయట చెట్టు మొదలు ఒక్కటే మిగిలింది. పురుగు పాకకుండా కొమ్మా రెమ్మా ఆకుతో సహా తగలబెట్టేశారు. బూడిదలోంచి ఇంకా పొగ లేస్తోంది.

ముక్కావిడ నేలమీద కూలబడి ఏడ్చింది. చిన్నప్పటి నుంచీ అక్క కంట నీరు చూడలేని తమ్ముడు, గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"నిన్న అందరి ముందూ వద్దులే," అన్నాడు అక్కణ్ణుంచే. "పొద్దున్నే వచ్చి చెప్పినా సరిపోయేదక్కా."