కారు పక్కన నిలబెట్టిన మనిషి

నేను ఒక ఫోటోను. చూసినవాళ్లు ఒక్క ఫోటో అనుకుంటారు గానీ, మూడింటిని కత్తిరించి అతికిస్తే పుట్టినదాన్ని. నాలోని తెల్ల కారు ఏదో అమ్మకపు ప్రకటనలోది. వెనకున్న సముద్రపు ఒడ్డు ఇంకెవరో తీసింది. కారు పక్కన నిలబడి నవ్వుతున్న గంగరాజం మాత్రం అసలువాడే.

జగిత్యాల దగ్గరి పల్లె నుంచి, డ్రైవరు పని అన్న ఏజెంటు మాట నమ్మి దుబాయి వచ్చాడు గంగరాజం. వచ్చాక అతని చేతికిచ్చింది బకెట్టూ గుడ్డా. పెద్ద భవనం కింద, వెలుతురు చొరని పార్కింగులో పరాయివాళ్ల కార్లు కడగడం అతని పని. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. "కారు పక్కన నిలవడి ఒక్క ఫోటో పంపరాదు? మా అమ్మోళ్లకు చూపిస్త" అని భార్య సుగుణ పోరుపెడుతుంటే, రేపు మాపంటూ దాటేస్తూ వచ్చాడు.

అతనితో గదిలో ఉండే ఖాజా ఒకప్పుడు కడపలో పెళ్లి ఆల్బమ్‌లు చేసినవాడు. ఒక సెలవు పూట ఇద్దరూ ఖాజా పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. పనిలో ఉండగా ఎవరో తీసిన గంగరాజం ఫోటోను ఖాజా తెర మీద పెద్దది చేసి, ఒంటి చుట్టూ గీత గీసి, వెనకున్నదంతా చెరిపేశాడు. బకెట్టు పోయింది. తడిసిన యూనిఫాం చోట నీలం చొక్కా వచ్చింది.

"నీడ ఎయ్యకుంటే దయ్యం మాదిరి గాల్లో తేలతావన్నా" అంటూ కాళ్ల కింద కాస్త నలుపు పూశాడు. మూడు ఫోటోల రంగులనూ ఒకే ఎండలో కలిపాడు.

"పట్టుబడ్తమా ఖాజా?"

"పెండ్లికి రాని మేనమామల్నే ఆల్బమ్‌లో నిలబెట్టినోన్ని. ఇదెంత?"

అలా పుట్టి, మరుక్షణమే సుగుణ ఫోన్లో వాలాను. ఆమె నన్ను వాడంతా తిప్పి చూపించింది, అడిగినవాళ్లందరి ఫోన్లకూ పంపింది. మనిషి ముఖం కంటే కారునే జనం ఎక్కువసేపు చూస్తారని అప్పుడే తెలుసుకున్నాను.

కొన్నాళ్లకు సుగుణ తమ్ముడు నరేందర్ ఫోన్ చేశాడు. ఊళ్లో అతనికి మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది, చేతినిండా పని ఉంది.

"బావా, మంచి ముచ్చట! నీ ఏజెంటే నాకూ వీసా తెచ్చిండు. నీ లెక్కనే డ్రైవర్ పని. వచ్చే వారమే విమానం. దుకాణం వేరేటోళ్లకు అప్పజెప్తున్న. నీ ఫోటోను ఏజెంటు పెద్దగ జేసి ఆఫీసుల గోడకు పెట్టుకున్నడు, తెలుసా?"

ఒక్క ఇల్లాలి కోసం పుట్టిన నేను గోడెక్కి, దారినపోయే వాళ్లందరినీ పిలుస్తున్నానన్న మాట.

"ఈడ ఎండలు మస్తు కొడ్తయి. రాకు నరేందర్."

"ఎండలు మనకు కొత్తనా బావా?" నరేందర్ నవ్వాడు.

ఆ సాయంత్రం సుగుణ ఫోన్ చేసింది. "నువ్వేమో కార్లల్ల తిరుగుతవు, నా తమ్ముడు మసిల్నే పడుండాల్నా? వాడు బాగుపడ్తుంటే నీ కండ్లు మండుతున్నయా?" అని, జవాబు వినకుండానే పెట్టేసింది.

ఇక గంగరాజం కడిగిన అద్దాన్నే మళ్లీ మళ్లీ తుడిచేవాడు. చెబితే సుగుణ మరి తన మాట ఏదీ నమ్మదు. చెప్పకపోతే నరేందర్ ఇదే పార్కింగులోకి బకెట్టుతో దిగుతాడు, దిగి తన ముఖంలోకి చూస్తాడు.

మళ్లీ సెలవు రాగానే ఖాజా ముందు కూర్చున్నాడు. "నేను ఎట్లున్ననో మల్ల అట్లనే చెయ్యి."

ఖాజా ఒక్కో పొరా తీసేశాడు. సముద్రం పోయింది, కారు పోయింది, నీడా చొక్కా పోయాయి. చీకటి పార్కింగు, తడిసిన యూనిఫాం, బకెట్టు మిగిలాయి. ఆ ఫోటో కింద ఏం రాయాలో తోచక రాసి చెరిపి, రాసి చెరిపి, చివరికి "ఇదే నా పని. తమ్మున్ని పంపకు" అని పెట్టి సుగుణకు పంపాడు గంగరాజం.

సుగుణ చూసింది. జవాబు లేదు. ఖాజా తెచ్చిన చాయ్ మీద మీగడ కట్టింది. పొద్దు గుంకింది.

మర్నాడు నరేందర్ ఫోన్ చేశాడు. "దుకాణం తాళంచెవి మల్ల తీసుకున్న బావా. అక్కా నేనూ ఏజెంటు కాడికి పోయినం. గోడ మీది ఫోటోను అక్కనే సర్రున చింపింది. అసలు ఫోటో ఆడ కూసున్నోళ్లందరికీ చూపిచ్చింది."

"అక్క కోపంగున్నదా?"

"నువ్వే అడుగు."

ఫోన్ చేతులు మారింది.

"ఫోటో పెద్దగ జేసి చూసిన" అంది సుగుణ. "వేళ్లన్ని అట్ల పగిలినయేంది?"

"సబ్బు నీళ్లు గద."

"నొస్తలేవా?"

ఏం లేదనబోయి ఆగాడు గంగరాజం.

"నొస్తున్నయి" అన్నాడు.

గోడ మీది నేను ముక్కలై చెత్తబుట్టలో చేరాను. ఎంతమంది ఫోన్లలో ఇంకా నవ్వుతూ నిలబడి ఉన్నానో నాకే తెలియదు. వాళ్లలో ఎవరు పెట్టె సర్దుకుంటున్నారోనన్నదే ఇప్పటికీ నా దిగులు.